వాళ్ళు చూపిన గుమ్మంలోంచి వెళ్ళకండి

ప్రశ్న: నాకు 61 ఏళ్ళు. తెనాలిలో ఒక్కదాన్నే ఉంటాను. మావారు పోయి మూడేళ్ళయింది, ఆయన పెన్షనే నాకు ఆధారం. అబ్బాయి, కోడలు, మనవరాలు డాలస్‌లో ఉంటారు. రోజుకు పది పన్నెండు ఫోన్లు వస్తాయి, లోన్ కావాలా అని, ప్లాటు చూస్తారా అని. మెసేజీలకైతే లెక్కలేదు, ప్రతిదాంట్లో ఏదో ఒక లింకు. పన్నెండు రోజుల కిందట మా వీధిలో తెలిసినవాళ్ళ నంబరు నుంచి వాట్సాప్‌లో పెళ్ళి పత్రిక అని ఒకటి వచ్చింది. నొక్కితే ఇన్‌స్టాల్ చేయమంది. చేశాను. పత్రిక మాత్రం తెరుచుకోలేదు. భయమేసి ఫోన్ ఆఫ్ చేసి, మర్నాడు ఆన్ చేశాను. డబ్బేమీ పోలేదు. అబ్బాయికి చెప్పలేదు, చెబితే కోప్పడతాడు. అప్పటినుంచీ తెలియని నంబరు ఏదొచ్చినా ఎత్తడం మానేశాను. దాంతో గుంటూరు ఆస్పత్రివాళ్ళు స్కానింగ్ రిపోర్టు గురించి చేసిన ఫోన్ కూడా ఎత్తలేదు. ఈ బాధ ఎలా వదులుతుంది? బటన్ ఫోన్ కొనుక్కుని ఇది పక్కన పడేయనా? (పేరు వేయవద్దు.)

అక్కగారూ,

మీరు అడిగినవాటికి వరసగా జవాబు రాద్దామని కూర్చున్నాను గానీ, ఆ పెళ్ళి పత్రిక దగ్గరికి వచ్చేసరికి మిగతావన్నీ వెనక్కి పోయాయి. ముందు ఆ సంగతే చూద్దాం. ఫోన్లు, మెసేజీల గొడవ రెండు రోజులు ఆగినా ఫరవాలేదు, ఇది ఆగదు.

పెళ్ళి పత్రిక ఫొటోగా వస్తుంది, పీడీఎఫ్‌గా వస్తుంది, ఈమధ్య పాటలు పెట్టి వీడియోగా కూడా పంపుతున్నారు. ఇన్‌స్టాల్ చేయమని మాత్రం అడగదు. మీకు వచ్చింది ఏపీకే ఫైలు అయివుండాలి, అంటే ఆండ్రాయిడ్ ఫోన్‌లోకి కొత్త యాప్‌ని ఎక్కించే ఫైలు. ప్లేస్టోర్‌లోంచి తెచ్చుకునే యాప్‌ని గూగుల్ వాళ్ళు ఎంతో కొంత తనిఖీ చేసి పెడతారు. వాట్సాప్‌లో చేతికి అందినదానికి ఆ తనిఖీ ఉండదు. అది లోపలికి రాగానే మెసేజీలు చదువుకోవడానికి అనుమతి అడుగుతుంది. పత్రిక చూడాలన్న తొందరలో మనం 'అలౌ' అని నొక్కేస్తాం. ఇక బ్యాంకు మనకు పంపే ఓటీపీ అదే క్షణంలో వాళ్ళకీ చేరుతుంది. కొన్నయితే యాక్సెసిబిలిటీ అనే అనుమతి కూడా అడుగుతాయి. చూపులేనివాళ్ళకు తెర మీద ఉన్నది చదివి వినిపించడానికి పెట్టిన ఏర్పాటు అది. దాన్ని పట్టుకుని వీళ్ళు మనం టైపు చేసేది చూస్తారు, మన బదులు బటన్లు నొక్కుతారు.

డబ్బు పోలేదన్నారు, సంతోషం. అయినా పన్నెండు రోజులు ఏమీ జరగలేదు కదా అని ధీమా పడకండి. పెన్షన్ పడేదాకా ఆగే దొంగ కూడా ఉండొచ్చు. కాబట్టి ఈ జవాబు చదవగానే ఫోన్‌ని ఏరోప్లేన్ మోడ్‌లో పెట్టండి. వైఫై ఉంటే అది కూడా ఆపండి. తర్వాత పక్కింటివాళ్ళ ఫోన్ తీసుకుని, మీ ఏటీఎం కార్డు వెనక అచ్చువేసి ఉన్న నంబరుకి చేయండి. గూగుల్‌లో వెతికి దొరికిన నంబరుకి చేయొద్దు, అక్కడ కూడా దొంగ నంబర్లు పెట్టి కూర్చుంటున్నారు. 'నా ఫోన్‌లో అనుమానం ఉన్న యాప్ పడింది, యూపీఐ, నెట్ బ్యాంకింగ్, కార్డు తాత్కాలికంగా ఆపండి' అని చెప్పండి. ఫిర్యాదు నంబరు అడిగి కాగితం మీద రాసుకోండి, పక్కన తేదీ, గంట కూడా వేయండి. వీలైతే మర్నాడు పాస్‌బుక్ పట్టుకుని బ్రాంచికి వెళ్ళి, ఈ పన్నెండు రోజుల లావాదేవీలు ప్రింటు వేయించుకోండి. పది రూపాయలో ఇరవై రూపాయలో మీకు తెలియకుండా పోయి ఉంటే ముందుగా పరీక్షించి చూశారన్నమాట.

ఫోన్ సంగతికొస్తే, సెట్టింగ్స్‌లో యాప్స్ అన్నచోట ఆ యాప్ కనిపించవచ్చు. పేరు పెళ్ళి పత్రిక అనే ఉండక్కర్లేదు, 'కస్టమర్ సపోర్ట్', 'సిస్టమ్ అప్‌డేట్' లాంటి పేరుతో కూడా దాక్కుంటుంది. కొన్నిటికి బొమ్మ కూడా ఉండదు. వెతికి పట్టుకుని తీసేశాను అనుకోవడం కంటే, ఫొటోలు ఒకచోట భద్రపరచుకుని ఫోన్‌ని ఫ్యాక్టరీ రీసెట్ చేయించడం నయమని నా అభిప్రాయం. కొన్నప్పుడు ఎలా ఉందో అలా అయిపోతుంది. తర్వాత యాప్స్‌ని ప్లేస్టోర్‌లోంచి ఒక్కొక్కటే పెట్టుకోండి. మీ వీధి చివర ఫోన్ రిపేరు కుర్రాడు చేయగలడు, మీరు ఎదురుగా కూర్చుని చేయించుకోండి, పిన్నులు మాత్రం అతనికి చెప్పకండి. ఆ తర్వాత బ్యాంకు పిన్ను, యూపీఐ పిన్ను, గూగుల్ పాస్‌వర్డు మూడూ మార్చండి. వాట్సాప్‌లో 'లింక్డ్ డివైసెస్' తెరిచి చూడండి, మీది కాని కంప్యూటరో ఫోనో అక్కడ ఉంటే తీసేయండి. అక్కడే సెట్టింగ్స్‌లో 'టూ స్టెప్ వెరిఫికేషన్' అని ఉంటుంది, ఆరంకెల పిన్ను పెట్టుకోండి. కాల్ సెట్టింగ్స్‌లో కాల్ ఫార్వార్డింగ్ ఆఫ్‌లో ఉందో లేదో కూడా చూడండి, మనకు రావలసిన ఫోన్లను తమవైపు మళ్ళించుకునే మోసం ఒకటుంది.

ఇంకో మాట. ఆ పత్రిక మీకు తెలిసినవాళ్ళ నంబరు నుంచి వచ్చిందన్నారు. వాళ్ళు పంపి ఉండరు. వాళ్ళ ఫోన్ ముందే దొంగ చేతుల్లో పడి, అందులో ఉన్న పేర్లన్నిటికీ అది తనంతట తానే వెళ్ళి ఉంటుంది. మీ ఫోన్ నుంచి కూడా అలాగే వెళ్ళిందేమో మీ చుట్టాలను అడగండి.

ఇక అబ్బాయికి చెప్పడం గురించి. నేను బ్యాంకులో 31 ఏళ్ళు పనిచేశాను, అందులో ఎక్కువ భాగం కౌంటరు దగ్గరే. మోసపోయి వచ్చినవాళ్ళను చాలామందిని చూశాను. అందరిలోకీ నన్ను ఎక్కువ బాధపెట్టింది మాత్రం మా పెద్దన్నయ్య సంగతి. రిటైరైన హెడ్మాస్టరు. ఇంట్లో ఎవరు తప్పు లెక్క వేసినా ఆయనే దిద్దేవాడు. 2022లో ఒకరోజు సాయంత్రం ఆయనకో మెసేజీ వచ్చింది: పోయిన నెల కరెంటు బిల్లు అందలేదు, ఈ రాత్రి తొమ్మిదిన్నరకి సరఫరా నిలిపేస్తాం, వెంటనే ఈ అధికారికి ఫోన్ చేయండి అని. ఆ ఏడు ఈ మెసేజీ దేశమంతా తిరిగింది. అన్నయ్య ఫోన్ చేశాడు. అవతలివాడు మర్యాదగా మాట్లాడి, తెర కనబడే యాప్ ఒకటి పెట్టించి, పరీక్షకని పది రూపాయలు కట్టమన్నాడు. పది రూపాయలు కడుతుండగా పిన్ను చూసుకున్నాడు. అరగంటలో 48 వేలు పోయాయి.

అన్నయ్య ఎవరికీ చెప్పలేదు. వదినకు చెప్పలేదు. ఫోన్ బీరువాలో పెట్టి తాళం వేశాడు, అది ఆన్‌లోనే ఉంది. నాలుగో రోజున మరో లక్షా పదివేలు పోయాయి. మందులకని వదిన ఏటీఎంకి వెళితే అప్పుడు బయటపడింది. పరుగెత్తుకెళ్ళాను. 'మొదటిరోజే నాకు చెప్పి ఉంటే ఆ లక్షా పదీ మిగిలేది కదరా అన్నయ్యా' అన్నాను. 'నువ్వు బ్యాంకు మనిషివి, చులకనగా చూస్తావనిపించింది' అన్నాడు. ఆ మాట ఇప్పటికీ గుచ్చుకుంటూనే ఉంది. చెల్లెలి దగ్గర చిన్నబోతానని ఆయన అనుకున్నాడంటే, అలా అనుకునేలా నేనెప్పుడైనా మాట్లాడానా అని వెతుక్కున్నాను. మాట్లాడాను కూడా. కౌంటరు దగ్గర ఎవరో ఓటీపీ చెప్పేశారని ఇంటికొచ్చి 'ఇంత చదువుకుని ఇదేం తెలివి' అని అన్నయ్య ఎదురుగానే అన్నాను.

అందుకే చెబుతున్నాను, మీ అబ్బాయి కోప్పడితే కోప్పడనివ్వండి. దాచినప్పుడు లాభపడేది దొంగ ఒక్కడే. చట్టం కూడా చెప్పినవాళ్ళ వైపే ఉంది. రిజర్వ్ బ్యాంకు 2017 జులైలో ఇచ్చిన ఉత్తర్వు ప్రకారం, మన అజాగ్రత్త వల్లే డబ్బు పోయినా సరే, మనం బ్యాంకుకి తెలియజేసిన తర్వాత జరిగే నష్టం మొత్తం బ్యాంకుదే. మన తప్పేమీ లేకుండా మూడోవాడి వల్ల పోయి, మూడు పనిదినాల్లో చెప్పామనుకోండి, మన మీద పైసా కూడా పడదు. మీ విషయంలో ఆ ఫిర్యాదు నంబరు, పక్కన రాసుకున్న గంట ఎందుకు ముఖ్యమో ఇప్పుడు తెలిసింది కదా. నిజంగా డబ్బు పోతే 1930కి ఫోన్ చేయాలి. దేశమంతటికీ ఒకటే నంబరు. అక్కడ చెప్పగానే ఆ డబ్బు ఏ ఖాతాలోకి వెళ్ళిందో చూసి, ఇంకా అక్కడే ఉంటే ఆపే ఏర్పాటు ఉంది. దొంగలు ఒక ఖాతాలోంచి ఇంకో ఖాతాలోకి నిమిషాల్లో మార్చేస్తారు, అందుకని గంటల లెక్క కూడా ఆలస్యమే.

ఇప్పుడు రోజూ వచ్చే ఫోన్ల గురించి. వీటిని రెండు కుప్పలుగా పోసి చూడండి, సగం భయం పోతుంది. ఒక కుప్ప విసిగించేది: లోను, ప్లాటు, ఇన్సూరెన్సు. వీళ్ళు అమ్ముకునేవాళ్ళు. రెండో కుప్ప దోచుకునేది. మీరు రెండింటినీ ఒకటే అనుకుని, వాటితోపాటు ఆస్పత్రి ఫోన్ కూడా పోగొట్టుకున్నారు.

విసిగించేవాళ్ళకు డీఎన్‌డీ ఉంది, అంటే ప్రచారం ఫోన్లు, మెసేజీలు నాకు వద్దని నమోదు చేయించుకునే ఏర్పాటు. 1909కి ఫోన్ చేసి చెప్పవచ్చు, లేదా మెసేజీలో ఇంగ్లిష్ అక్షరాలతో 'స్టార్ట్' అని రాసి, కొంచెం ఖాళీ వదిలి సున్నా వేసి 1909కి పంపవచ్చు. 'పెట్టుకున్నాను, అయినా వస్తున్నాయి' అని చాలామంది అంటారు. నిజమే. డీఎన్‌డీ ఆపేది పద్ధతిగా నమోదు చేసుకున్న కంపెనీల ప్రచారాన్ని. మామూలు పదంకెల సిమ్ము కొనుక్కుని, ఒక గదిలో పదిమందిని కూర్చోబెట్టి ఫోన్లు చేయించేవాడు ఆ జాబితా చూడనే చూడడు. వాడికి మందు ఫిర్యాదు ఒక్కటే. టెలికాం కంపెనీలను నియంత్రించే సంస్థ ట్రాయ్ 2025 ఫిబ్రవరిలో నిబంధనలు మార్చింది. అంతకుముందు మూడు రోజుల్లోగా ఫిర్యాదు చేయాల్సి వచ్చేది, ఇప్పుడు ఏడు రోజుల గడువు ఉంది. పది రోజుల్లో ఐదుగురు ఫిర్యాదు చేస్తే చాలు, ఆ నంబరు మీద చర్య మొదలవుతుంది. మొదటిసారి అయితే పదిహేను రోజులు అవుట్‌గోయింగ్ ఆపేస్తారు, మళ్ళీ మళ్ళీ చేస్తే వాడి కనెక్షన్లన్నీ ఏడాదిపాటు కట్.

నా ఒక్కదాని ఫిర్యాదుతో ఏమవుతుందిలే అనుకోకండి. మీది ఐదోది కావచ్చు. ట్రాయ్ వాళ్ళ డీఎన్‌డీ యాప్ ప్లేస్టోర్‌లో ఉంది, అందులో ఆ నంబరు ఎంచుకుని పంపితే సరిపోతుంది. నేను మధ్యాహ్నం భోజనం అయ్యాక, ఆరోజు వచ్చినవాటిని ఒక్కసారే పంపిస్తాను. ఐదు నిమిషాల పని. నెలరోజులు చేశాక మాకు ఫోన్లు తగ్గాయి.

నంబరు చూడగానే కొంత పోల్చుకోవచ్చు కూడా. ప్రచారానికి చేసే కంపెనీలకు 140తో మొదలయ్యే నంబర్లు కేటాయించారు. ఎత్తకపోయినా నష్టం లేదు. బ్యాంకులు లావాదేవీల విషయమై చేసే ఫోన్లకు 1600తో మొదలయ్యే నంబర్లు వాడాలని రిజర్వ్ బ్యాంకు 2025 జనవరిలో చెప్పింది. 'బ్యాంకు నుంచి మాట్లాడుతున్నాను' అంటూ మామూలు పదంకెల నంబరు నుంచి ఫోన్ వస్తే, ఆ ఒక్క కారణం చాలు పెట్టేయడానికి. మెసేజీ పంపినవాళ్ళ పేరు చివర ఇప్పుడు ఒక ఇంగ్లిష్ అక్షరం కనిపిస్తుంది, గమనించారో లేదో. గీత పెట్టి 'పీ' అని ఉంటే ప్రచారం, 'ఎస్' అంటే మీరు వాడుతున్న సేవకు సంబంధించింది, 'టీ' అంటే ఓటీపీ లాంటి లావాదేవీ, 'జీ' అంటే ప్రభుత్వం. నా కళ్ళద్దాలు అందుబాటులో లేనప్పుడు ఆ చివరి అక్షరం ఒక్కటి చూసి 'పీ' ఉన్నవన్నీ తీసేస్తుంటాను.

మన నంబరు వీళ్ళకు ఎక్కడ దొరికిందని ఆశ్చర్యపోయే పనిలేదు, మనమే ఇస్తుంటాం. బట్టల షాపులో బిల్లు కొట్టేముందు 'నంబరు చెప్పండి మేడం' అంటారు. ఎగ్జిబిషన్‌లో లక్కీడ్రా చీటీ నింపి డబ్బాలో వేస్తాం. షాపులవాళ్ళు నంబరు ఇస్తేనే బిల్లు అని పట్టుబట్టకూడదని కేంద్ర వినియోగదారుల శాఖ 2023 మేలోనే చెప్పింది. 'నంబరు ఇవ్వనమ్మా, బిల్లు కాగితం ఇయ్యి' అని చెప్పండి. మొదటి రెండుసార్లు ఇబ్బందిగా ఉంటుంది, కౌంటరు దగ్గరి పిల్ల మన వంక వింతగా చూస్తుంది. మూడోసారికి అలవాటైపోతుంది.

ఇక దోచుకునే కుప్ప. ఇక్కడ నేను చెప్పేది ఒకే ఒక్క నియమం, మా అన్నయ్య సంగతి తర్వాత నాకు నేను పెట్టుకున్నది. వాళ్ళు చూపిన గుమ్మంలోంచి వెళ్ళకూడదు. వాళ్ళిచ్చిన లింకు, వాళ్ళిచ్చిన నంబరు, వాళ్ళు పంపిన యాప్, మూడూ వాళ్ళ గుమ్మాలే. విషయం నిజమే కావచ్చు, వెళ్ళాల్సిన అవసరం కూడా ఉండొచ్చు, కానీ మనకు ముందే తెలిసిన దారిన వెళదాం. అన్నయ్యకు కరెంటు బిల్లు మీద అనుమానం వచ్చినప్పుడు ఆ మెసేజీలో నంబరుకి కాకుండా, ప్రతినెలా ఇంటికొచ్చే బిల్లు కాగితం మీద ఉన్న నంబరుకి చేసి ఉంటే చాలేది. కరెంటు నిజంగా కట్ చేసేవాళ్ళు రాత్రి తొమ్మిదిన్నరకి ముహూర్తం పెట్టుకుని రారు.

ఇదే కొలత మిగతావాటికీ సరిపోతుంది. బండి మీద చలానా ఉందని వాట్సాప్‌లో ఏపీకే వస్తే, చలానా ఉన్నా లేకపోయినా దాన్ని తెరవకండి. కేంద్ర రవాణా శాఖ వారి పరివాహన్ వెబ్‌సైట్‌లో ఈ-చలాన్ పేజీకి మనమే వెళ్ళి బండి నంబరు వేస్తే ఉన్నదీ లేనిదీ తెలుస్తుంది. పల్లెల్లో రైతులకు పీఎం కిసాన్ పేరుతో ఇలాంటి ఫైళ్ళే వస్తున్నాయి. ఏడాదికి మూడుసార్లు పడే ఆ రెండేసి వేలకోసం ఎదురుచూసే మనిషి 'మీ విడత ఆగిపోయింది' అని చదివితే తెరవకుండా ఎలా ఉంటాడు? వాళ్ళకి తెలుసు ఎవరు దేనికోసం ఎదురుచూస్తున్నారో. మా ఊరి రైతులకు నేను చెప్పేది ఒక్కటే, సచివాలయంలో వ్యవసాయ సహాయకుణ్ణి అడగండి, ఫోన్‌లో దేనికీ జవాబు ఇవ్వకండి అని. పార్శిల్ వచ్చింది, అడ్రసు తప్పుంది, ఇరవై రూపాయలు కట్టండి అని పోస్టాఫీసు పేరుతో వచ్చే లింకు కూడా ఇదే జాతి.

లింకు చదవడం కూడా నేర్చుకుంటే మంచిది, కష్టమేమీ కాదు. మొదట ఉండే రెండు వాలు గీతలు (//) వదిలేసి, తర్వాత వచ్చే మొదటి ఒంటి వాలు గీత (/) దగ్గర ఆగండి. ఆ గీతకి సరిగ్గా ముందున్న ముక్కే అసలు ఇంటిపేరు. బ్యాంకు పేరు ముందెక్కడో ఉండి, చివర 'డాట్ టాప్', 'డాట్ ఎక్స్‌వైజెడ్' లాంటిది ఉంటే అది బ్యాంకు ఇల్లు కాదు, గుమ్మానికి బ్యాంకు బోర్డు తగిలించారంతే. మన దేశంలో బ్యాంకులన్నీ తమ వెబ్‌సైట్లను 2025 అక్టోబరు ఆఖరుకల్లా 'డాట్ బ్యాంక్ డాట్ ఇన్' కిందికి మార్చుకోవాలని రిజర్వ్ బ్యాంకు గడువు పెట్టింది. ఆ పేరు బ్యాంకులకు తప్ప ఇంకెవరికీ ఇవ్వరు. ప్రభుత్వానికి 'డాట్ జీఓవీ డాట్ ఇన్' ఎలాగో ఇదీ అలాగే. కంపెనీల పేర్లతో వచ్చే మెసేజీల్లో ముందుగా నమోదు చేయించుకోని లింకులు ఉంటే టెలికాం సంస్థలే ఆపేయాలన్న నిబంధన 2024 అక్టోబరు 1 నుంచి అమల్లో ఉంది. దానివల్ల మామూలు మెసేజీల్లో కొంత తగ్గింది. కానీ ఆ నిబంధన వాట్సాప్‌కి వర్తించదు, దొంగలంతా అటు మళ్ళారు. మీ పెళ్ళి పత్రిక కూడా అటే వచ్చింది కదా.

ఒంటరిగా ఉండే ఆడవాళ్ళకు ఇంకోటి తప్పకుండా చెప్పాలి. వీడియో కాల్‌లో పోలీసు యూనిఫాం వేసుకుని, మీ పేరున వచ్చిన పార్శిల్‌లో మత్తుమందు దొరికింది, మీ ఆధార్‌తో ఎవరో ఖాతా తెరిచారు, గదిలోంచి కదలొద్దు, ఎవరికీ చెప్పొద్దు అని బెదిరిస్తారు. డిజిటల్ అరెస్టు అంటారు దాన్ని. అలాంటి అరెస్టు మన చట్టంలోనే లేదు. ప్రధాని 2024 అక్టోబరు 27న రేడియో ప్రసంగంలో పనిగట్టుకుని ఈ మాట చెప్పారు. 'ఎవరికీ చెప్పొద్దు' అన్న మాట వినబడగానే ఫోన్ పెట్టేసి, గడప దాటి పక్కింటికి వెళ్ళిపోండి. ఆ పక్కింటివాళ్ళ ముఖం చూస్తే చాలు, సగం భ్రమ విడిపోతుంది. ఇలాంటి ప్రయత్నం జరిగి డబ్బు పోనప్పుడు ఫిర్యాదు చేయడానికి కేంద్ర టెలికాం శాఖ వారి సంచార్ సాథీ వెబ్‌సైట్‌లో చక్షు అనే చోటుంది, ముప్ఫై రోజుల్లోగా వచ్చిన కాల్ గానీ మెసేజీ గానీ అక్కడ తెలపవచ్చు. అందులోనే మన పేరు మీద ఎన్ని సిమ్ములు ఉన్నాయో చూసుకునే సదుపాయం కూడా ఉంది. 2021లో ఆ సదుపాయం మొదలైంది మన ఆంధ్ర, తెలంగాణల్లోనే, తర్వాత దేశమంతటికీ వెళ్ళింది. మీది కాని నంబరు మీ పేరున కనిపిస్తే అక్కడే 'నాది కాదు' అని నొక్కవచ్చు. మీవారి పేరున ఉన్న సిమ్ము సంగతి కూడా చూసుకోండి, పోయినవాళ్ళ పేరున నంబర్లు నడుస్తూ ఉండడం మంచిది కాదు.

బటన్ ఫోన్ కొననా అన్నారు. వద్దక్కగారూ. మనవరాలి ముఖం చూసేది ఆ తెరలోనే కదా. ఒక దొంగకు భయపడి దాన్ని వదులుకోవడం నాకు మనసొప్పడం లేదు. దానికి బదులు డబ్బుని ఫోన్‌కి దూరం చేద్దాం. పెన్షన్ పడే ఖాతాకి యూపీఐ ఉంచకండి. ఇంకో చిన్న ఖాతా తెరిచి, నెలకి కూరలకీ పాలకీ గ్యాసుకీ సరిపడా ఐదారు వేలు అందులో వేసుకుని, ఫోన్‌కి దాన్నే కలపండి. ఎంత పెద్ద దొంగ వచ్చినా ఆ ఐదారు వేల దగ్గరే ఆగిపోతాడు. మా అన్నయ్యకి కూడా అలాగే చేయించాను. ఇప్పుడు రోజూ ఫోన్‌లోనే పేపరు చదువుతున్నాడు.

తెలియని నంబర్లు ఎత్తండి. ఎత్తినంత మాత్రాన డబ్బు పోదు. మీరు ముందుగా పేరు చెప్పకండి, 'ఎవరండీ' అని అడగండి. లోను అంటే వద్దని పెట్టేయండి, వాదనకి దిగకండి. ఆస్పత్రి అంటే 'సరే, నేను చేస్తాను' అని చెప్పి, మీ దగ్గరున్న చీటీ మీది నంబరుకి మీరే చేయండి. కాస్త శ్రమే గానీ, దాంతో భయం లేకుండా ఫోన్ ఎత్తగలుగుతారు. వాట్సాప్ కాల్స్‌కి మాత్రం ప్రైవసీలో 'సైలెన్స్ అన్‌నోన్ కాలర్స్' పెట్టేసుకోండి, తెలియనివాళ్ళు వాట్సాప్‌లో ఫోన్ చేసే అవసరం మనకేముంది? గ్రూపుల్లో చేర్చే హక్కు కూడా మీ కాంటాక్టులకే ఉండేలా మార్చుకోండి. ఇవన్నీ రీసెట్ అయ్యాక మీ అబ్బాయే వీడియోలో చూస్తూ చేయించగలడు.

కాబట్టి ఈ రాత్రి తొమ్మిదింటికి పక్కింటి ఫోన్‌లోంచి అబ్బాయికి చేయండి, అక్కడ పొద్దున్నవుతుంది. పత్రిక సంగతి ముందు చెప్పండి, కోపం తగ్గాక మిగతాది. ఇంకొకటి మరిచిపోకండి, రేపు ఉదయం ఆస్పత్రివాళ్ళకి ఫోన్ చేసి స్కానింగ్ రిపోర్టు అడగండి. అందులో ఏమొచ్చిందో నాకు ఓ ముక్క రాస్తే నా మనసు కుదుటపడుతుంది.